ఎముక మజ్జ కణాల పెంపకంలో సీరం

రక్తం గడ్డకట్టాక పైన తేరుకునే పసుపుపచ్చ ద్రవమే సీరం. శరీరం వెలుపల ఎముక మజ్జ కణాలను పెంచేవారు మొదట దీన్ని కణాలకు మేతగానే చూశారు. అందులో మేతతో పాటు పెరగమనే సంకేతాలు, పెరగవద్దనే సంకేతాలు కూడా కలిసి ఉన్నాయని తేలడానికి దశాబ్దాలు పట్టింది.

అనుమానం మాత్రం పాతదే. 1906లో ఫ్రాన్స్‌లో కార్నో, దెఫ్లాండ్ర్ రక్తం తీసిన కుందేళ్ల సీరాన్ని మామూలు కుందేళ్లకు ఎక్కించి, ఎర్రకణాలు పెరిగాయని ప్రకటించారు. ఇతరులు చేసి చూస్తే ఫలితం నిలకడగా రాలేదు. 1953లో ఎర్స్‌లెవ్ అలాంటి కుందేళ్ల ప్లాస్మాను పెద్ద మోతాదులో ఎక్కించి చూపాకే ఆ మాటకు బలం వచ్చింది. ఎర్రకణాలను పెంచే ఆ పదార్థం, ఎరిత్రోపోయిటిన్‌ను 1977లో గోల్డ్‌వాసర్ బృందం శుద్ధి చేసింది. అదీ సీరం నుంచి కాదు, తీవ్ర రక్తహీనత రోగుల నుంచి సేకరించిన 2,550 లీటర్ల మూత్రం నుంచి!

తెల్లకణాల కథ వేరే దారిలో నడిచింది. 1960ల మధ్యలో ఇజ్రాయెల్‌లో ప్లజ్నిక్, శాక్స్, మెల్‌బోర్న్‌లో బ్రాడ్లీ, మెట్‌కాఫ్ ఎవరికి వారుగా మెత్తటి అగార్‌లో ఎలుకల రక్తకణాలను పెంచారు. జావలాంటి అగార్‌లో కణం కదలలేదు. విభజన చెందితే దాని సంతతి అక్కడే గుంపుకడుతుంది. వారం తర్వాత సూక్ష్మదర్శిని కింద 50కి పైగా కణాలున్న గుంపును ‘కాలనీ’గా లెక్కిస్తారు. ఎన్ని కాలనీలు వస్తే అన్ని జనక కణాలు ఉన్నట్టు. మొదట్లో అడుగున వేరే కణాల పొర పరిస్తేనే కాలనీలు వచ్చేవి. ఆ పొర లేకున్నా ల్యుకేమియా ఎలుకల సీరం కలిపితే చాలని 1967లో రాబిన్సన్, మెట్‌కాఫ్, బ్రాడ్లీ చూపారు. ఆ ప్రేరకాలకే కాలనీ స్టిమ్యులేటింగ్ ఫ్యాక్టర్లు (సీఎస్‌ఎఫ్) అని పేరు పడింది.

అయితే సీరంలో ఇవి అత్యల్పం. పైగా అందులోని కొన్ని లైపోప్రోటీన్లు కాలనీలను అణచివేసేవి. అందుకే శుద్ధి చేసే పని ఎలుకల ఊపిరితిత్తుల కణజాలం ఊరిన ద్రవం వైపు మళ్లింది. సీఎస్‌ఎఫ్‌లలో ఒకటైన జీఎం-సీఎస్‌ఎఫ్ అందులోనే 1977లో చిక్కింది; 1983లో మరొకటైన జీ-సీఎస్‌ఎఫ్ కూడా శుద్ధి అయింది. దాని మందు రూపం ఫిల్‌గ్రాస్టిమ్‌కు 1991లో అమెరికాలో అనుమతి లభించింది. కీమోథెరపీతో తెల్లకణాలు పడిపోయినవారికి ఇచ్చే ఈ ఇంజెక్షన్‌ను హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2001లో ‘గ్రాఫీల్’ పేరుతో తెచ్చింది.

ఇక మజ్జ కణాల పెంపకం విషయానికొస్తే, మాంచెస్టర్‌లో డెక్స్‌టర్ 1977లో ప్రచురించిన పద్ధతిలో మూలకణాలు నెలల తరబడి బతికాయి. పాత్ర అడుగున అతుక్కునే మజ్జ కణాల పొర, 33 డిగ్రీల వేడి, గుర్రపు సీరం అందుకు ఆధారం. ఆ గుర్రపు సీరం ఒక బ్యాచ్‌లో బాగా పనిచేస్తే మరో బ్యాచ్‌లో పొరే ఏర్పడేది కాదు. ఈ పేచీ వదిలించుకోవడానికి 1980 నాటికి ఇస్కోవ్ బృందం సీరం స్థానంలో అల్బుమిన్, ట్రాన్స్‌ఫెరిన్, కొవ్వులతో కణాలను పెంచి చూపింది. రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్ల నుంచి సీరంలోకి చేరే టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్ తొలిదశ మూలకణాలను నిద్రపుచ్చుతుందని తెలిశాక సీరం లేని మాధ్యమాలకు గిరాకీ మరింత పెరిగింది. డెక్స్‌టర్ పద్ధతిని వాడే ప్రయోగశాలలు మాత్రం ఇప్పటికీ కొన్ని బ్యాచ్‌ల నమూనాలు తెప్పించి పరీక్షించి, పనికొచ్చినదాన్ని ఒకేసారి ఎక్కువగా కొని ఫ్రీజర్లో దాచుకుంటాయి.