సెనేట్ భవనము: కలకత్తా విశ్వవిద్యాలయ ప్రాంగణ చరిత్ర

విశ్వవిద్యాలయమనగానే విశాలమైన మైదానములు, చెట్ల నీడలు, నడుమ ఠీవిగా నిలిచిన భవనములు మన కన్నులకు కట్టును. వాల్తేరు మెట్టలమీది ఆంధ్ర విశ్వకళాపరిషత్తును, హైదరాబాదులోని ఉస్మానియా ఆర్ట్స్ కళాశాలను చూచిన తెలుగువాడు కలకత్తాకు వచ్చి విశ్వవిద్యాలయమెక్కడ అని అడిగినచో, కాలేజీ వీధిలో పాత పుస్తకముల కొట్ల వెనుకనున్న కట్టడములను చూపుదురు. ప్రహరీ లేదు, తోట లేదు. ఇంత పేరుగాంచిన విద్యాపీఠమునకు ఇంత ఇరుకు చోటా అని అతడు విస్తుపోవును. ఆ ఇరుకునకు ఒక చరిత్ర కలదు.

1857వ సంవత్సరము జనవరి 24వ తేదీన చట్టము ద్వారా ఈ విశ్వవిద్యాలయము ఏర్పడెను. లార్డు కానింగు తొలి ఛాన్సలరు. సర్ జేమ్స్ విలియం కోల్విల్ తొలి వైస్ ఛాన్సలరు. నాటి లండను విశ్వవిద్యాలయమును మాదిరిగా గైకొని స్థాపించుటచే దీనికి బోధనతో పని లేకుండెను. పాఠములు చెప్పుట కళాశాలల వంతు. పరీక్షించి పట్టములిచ్చుట విశ్వవిద్యాలయము వంతు. కావున దానికి సొంత ఇల్లే అవసరమని ఎవరికిని తోచలేదు. సెనేటు తొలి సమావేశము వైద్య కళాశాలలోని ఒక గదిలో జరిగెను. కామక్ వీధిలో కొన్ని అద్దె గదులలో కార్యాలయము నడిచెను. తరువాత కొన్నేండ్లు రైటర్స్ భవనములోని ఒక గదియే దానికి దిక్కయ్యెను. తొలి ప్రవేశపరీక్షకు వచ్చిన 244 మంది విద్యార్థులు టౌను హాలులో కూర్చుండి వ్రాసిరి. 1858లో బి.ఏ. పట్టమునందిన తొలి ఇరువురిలో బంకించంద్ర చట్టోపాధ్యాయుడు ఒకరు. లాహోరు మొదలు రంగూను వరకు గల విద్యార్థులకు పరీక్షలు నడపిన సంస్థకు తలదాచుకొన సొంత కప్పు లేకుండుట వింతయే.

1862లో సొంత భవనము కట్టవలెనని సెనేటు నిర్ణయించెను. అది పూర్తియగుటకు పది సంవత్సరములకు పైగా పట్టెను. 2,52,221 రూపాయల వ్యయముతో నిర్మితమైన సెనేట్ భవనము 1873వ సంవత్సరము మార్చి 12వ తేదీన స్నాతకోత్సవముతో ప్రారంభమయ్యెను. గోల్‌దిఘీ చెరువునకు అభిముఖముగా ఎత్తైన మెట్లు, వానిపై గ్రీకు పద్ధతిలో వరుసదీరిన మహాస్తంభములు, లోపల విశాలమైన సభామందిరము. దీని రూపశిల్పి వాల్టర్ గ్రాన్‌విల్. కలకత్తా పెద్ద తపాలా కార్యాలయమును, హైకోర్టును, ఇండియన్ మ్యూజియమును రూపొందించినవారును ఆయనయే.

ఆ మెట్లెక్కుట మూడు తరముల విద్యార్థులకు జీవితములో ఒక ఘట్టమయ్యెను. 1883లో చంద్రముఖీ బసు, కాదంబినీ గంగూలీలు ఈ విశ్వవిద్యాలయపు తొలి పట్టభద్రురాండ్రైరి. 1932వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన ఆ మందిరముననే, స్నాతకోత్సవము జరుగుచుండగా, బీనా దాస్ అను విద్యార్థిని గవర్నరు స్టాన్లీ జాక్సనుపై తుపాకి పేల్చెను. గవర్నరు బ్రతికెను; ఆమె చెరసాల పాలయ్యెను. పరపాలకులు తమ విద్యకు గుర్తుగా కట్టిన మందిరము ఆ విద్యనభ్యసించిన వారి ధిక్కారమునకు కూడ వేదికయయ్యెను.

పరీక్షలు నడపు సంస్థను పాఠములు చెప్పు సంస్థగా మార్చినవారు సర్ అశుతోష్ ముఖర్జీ. ఒకవంక హైకోర్టు న్యాయమూర్తిగా నుండియే 1906 నుండి 1914 వరకును, మరల 1921 నుండి 1923 వరకును వైస్ ఛాన్సలరుగా పనిచేసిరి. 1904వ సంవత్సరపు విశ్వవిద్యాలయముల చట్టము కల్పించిన బోధనాధికారమును ఆయన పూర్తిగా వినియోగించుకొనిరి. అంతటితో చోటు సమస్య మొదలయ్యెను. దర్భంగా మహారాజు రామేశ్వర సింగు గ్రంథాలయము కొరకు రెండున్నర లక్షల రూపాయలనిచ్చిరి; సెనేట్ భవనము ప్రక్కన దర్భంగా భవనము లేచెను. పిమ్మట అశుతోషుని పేరిట మరియొక భవనము వెలసెను. విజ్ఞానశాస్త్రములకు ఆ వీధిలో తావు చాలలేదు. న్యాయవాదులైన తారకనాథ్ పాలిత్ దాదాపు పదిహేను లక్షలు, రాస్‌బిహారీ ఘోష్ పది లక్షలు విరాళమిచ్చిరి. 1914వ సంవత్సరము మార్చి 27వ తేదీన రాజాబజారున సైన్సు కళాశాలకు శంకుస్థాపన జరిగెను. బాలీగంజిలోని పాలిత్ గృహము మరియొక విద్యాస్థానమయ్యెను. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ రాజాబజారు కళాశాలలోనే ఒక గదిలో కాపురముండి, 1944లో అక్కడనే కన్నుమూసిరి.

ఈ విస్తరణములో దక్షిణాదివారికిని భాగము కలదు. కేంద్రప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగము చేయుచు, తీరిక వేళలలో బౌబజారు పరిశోధనశాలలో కృషి సల్పిన సి.వి. రామన్ 1917లో ఆ ఉద్యోగమును వదలి పాలిత్ ఆచార్యపదవిని స్వీకరించిరి. తమిళులైనను ఆయన చిన్ననాటి చదువు విశాఖపట్టణమున సాగినది. 1928లో ఆయన వద్ద పరిశోధనకు వచ్చిన సూరి భగవంతము తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భౌతికశాస్త్రమునకు పెంపు తెచ్చిరి. 1921లో తత్త్వశాస్త్రమునకు ఐదవ జార్జి ఆచార్యపదవి ఖాళీ కాగా, అశుతోష్ మైసూరు నుండి సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను పిలిపించిరి. అంతకుముందు ఆ పీఠమునలంకరించిన బ్రజేంద్రనాథ శీల్ మైసూరు వైస్ ఛాన్సలరుగా వెళ్లిరి. భారతీయ తత్త్వశాస్త్రముపై రాధాకృష్ణన్ రచించిన రెండు సంపుటములును ఆయన కలకత్తా ఆచార్యులుగా నున్న కాలముననే, 1923, 1927లలో వెలువడెను. 1931లో ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్ ఛాన్సలరైరి. మరుసటి ఏడే జయపురాధీశుడు విక్రమదేవవర్మ దాతృత్వముతో వాల్తేరున సైన్సు కళాశాల ఏర్పడెను. దాతల ధనముతో, దూరమునుండి పిలిపించిన పండితులతో ఉన్నతవిద్యను నిర్మించు పద్ధతి కలకత్తాలోవలెనే వాల్తేరునను ఫలించెను.

1941లో విశ్వవిద్యాలయము సంఖ్యాశాస్త్రమున ఎం.ఏ. తరగతులు తెరచెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము ముగించి వచ్చిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1943లో ఆ తొలి జట్టుతో ఉత్తీర్ణుడయ్యెను. 1945లో కలకత్తా గణితశాస్త్ర సంఘపు పత్రికలో ఆయన ప్రకటించిన వ్యాసము ప్రపంచ సంఖ్యాశాస్త్రజ్ఞులకు నిత్యపారాయణమయ్యెను.

దేశవిభజనతో తూర్పు బెంగాలు కళాశాలలు ఢాకా పాలయ్యెను. కాని కాందిశీకులతో నగరము నిండెను; విద్యార్థులు పెరిగిరి; పుస్తకములకును, కార్యాలయములకును చోటు కరువయ్యెను. 1957లో శతవార్షికోత్సవ సందర్భమున విశ్వవిద్యాలయ ధనవినియోగ సంఘము కాలేజీ వీధిలోను, హాజ్రా రోడ్డు న్యాయకళాశాలకును నూతన భవనములు కట్టుటకై కోటి రూపాయలు మంజూరు చేసెను. కాలేజీ వీధిలో ఖాళీ నేల లేదు. 1960లో సెనేట్ భవనమును పడగొట్టుటకు పూనుకొనిరి. దాని స్థానమున 1968లో శతవార్షిక భవనము ప్రారంభమయ్యెను. 1937లో సెనేట్ భవనముననే వెలసిన అశుతోష్ కళాప్రదర్శనశాలకును, కేంద్ర గ్రంథాలయమునకును, కార్యాలయములకును అందు వసతి దొరికెను.

ఆ నిర్ణయమును తూచునపుడు ఇరుప్రక్కలను చూడవలెను. చదువుటకు వచ్చిన వేలాది పేద విద్యార్థులకు బల్లయు, పుస్తకమును చూపలేని విశ్వవిద్యాలయము స్తంభముల సౌందర్యముతో తృప్తిపడజాలదు. అవసరము నిజమైనదే. కాని గ్రాన్‌విల్ రూపొందించిన హైకోర్టు, తపాలా కార్యాలయము, మ్యూజియము నేటికిని నిలిచి తమ పనులను తాము చేయుచున్నవి. విద్యకు కట్టిన మందిరమొక్కటియే కూలినది. న్యాయస్థానమునకు ఇరుకైనచో ప్రక్క స్థలము వెదకిరి. విద్యాలయమునకు ఇరుకైనచో దాని ముఖమునే తొలగించిరి. అటుపిమ్మట ఆలీపూరులోను, సాల్ట్ లేకులోను ప్రాంగణములేర్పడిన సంగతి తలచినచో, ఆ ఓపిక పది సంవత్సరములు ముందుగా చూపియున్న బాగుండెడిదని తోచకమానదు.

కాలక్రమమున జాదవ్‌పూరు, బర్ద్వాను, కల్యాణి, ఉత్తరబంగ విశ్వవిద్యాలయములేర్పడి మాతృసంస్థ భారమును కొంత పంచుకొనినవి. నేడు దాని శాఖలు నగరమంతట చెదరియున్నవి. సాల్ట్ లేకున యంత్రవిద్య నేర్చు విద్యార్థి, ఆలీపూరున చరిత్ర చదువు విద్యార్థి ఒకరినొకరు చూడకయే పట్టములందవచ్చును. ఇల్లు లేక పుట్టిన విద్యాపీఠము ఒక ఇల్లు కట్టుకొని, దానిని పోగొట్టుకొని, పెక్కిండ్లదైనది. జ్ఞానము గోడలపై ఆధారపడదన్నది సత్యమే. రామన్ పరిశోధనకు ఇరుకు గదియే చాలినది. అయినను ఒక జాతి తన విద్యను ఎంతగా గౌరవించినదో తరువాతి తరములకు చెప్పునవి గోడలే. వాల్తేరునగాని, హైదరాబాదునగాని పాత భవనమునకు గునపము తగిలించుటకు పూనుకొనువారు ముందొకసారి కాలేజీ వీధికి వచ్చి, ఆ మెట్లుండిన చోట నిలిచి ఆలోచింతురు గాక.