పిల్లలకు గుండె మార్పిడి: ఛాతీ నొప్పి రాదు.. అసలు డేంజర్ అదే! ఈ స్కాన్‌లు ఎందుకంటే..

తిరుపతిలోని టీటీడీ శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో 2023 జనవరిలో తొలి గుండె మార్పిడి జరిగింది. ఆపరేషన్ సక్సెస్ అయితే ఇక భయం లేనట్టేనా? కాదు.

కొత్త గుండెను శరీరం పరాయిదిగా చూసి దాడి చేయొచ్చు. అదే రిజెక్షన్. పైగా మార్పిడిలో గుండె నరాలు తెగిపోతాయి. అందుకే రక్తనాళాలు మూసుకుపోతున్నా చాలామంది పిల్లలకు నొప్పి తెలియదు. చెకప్‌లోనే పట్టుకోవాలి.

ఏ స్కాన్ ఏం చెబుతుంది?

* ఎకో: గుండె పంపింగ్, వాల్వ్‌లు, చుట్టూ చేరిన నీరు. రేడియేషన్ ఉండదు.
* ఎంఆర్ఐ: గుండె కండరంలో వాపు, మచ్చలు. కదలకుండా ఉండాలి కాబట్టి చిన్నపిల్లలకు మత్తు ఇస్తారు.
* సీటీ యాంజియో: రక్తనాళాలు సన్నబడ్డాయా అన్నది. కొంత రేడియేషన్ ఉంటుంది.

మరి బయాప్సీ అక్కర్లేదా?

కావాలి. మెడ లేదా తొడ దగ్గరి రక్తనాళం నుంచి సన్నని గొట్టం పంపి గుండె కండరం ముక్క తీస్తారు. రిజెక్షన్‌ను ఖాయంగా తేల్చేది ఇప్పటికీ ఇదే. ఎకో నార్మల్ అంటే రిజెక్షన్ లేదని కాదు.

తిరువూరు లాంటి ఊళ్లలో పెద్దాసుపత్రికి దూరంగా ఉండే తల్లిదండ్రులూ.. జ్వరం, ఆయాసం, వాంతులు, వాపు, నీరసం కనిపిస్తే చెకప్ డేట్ దాకా ఆగొద్దు. వెంటనే ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కు ఫోన్ చేయండి. మందులు ఒక్క పూట కూడా సొంతంగా ఆపొద్దు.