పట్టపగలు సైకిలు దీపం

సైకిలు దీపం చీకటి కోసం పుట్టింది. 1880ల బ్రిటన్‌లో, ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తున ఉండే సైకిళ్లకు ఇరుసు దగ్గర నూనె దీపం వేలాడదీసేవారు. బర్మింగ్‌హామ్‌లో జోసెఫ్ లూకాస్ తయారుచేసిన ‘కింగ్ ఆఫ్ ది రోడ్’ వాటిలో బాగా పేరున్నది. తర్వాత కార్బైడు దీపాలు వచ్చాయి. కాల్షియం కార్బైడు మీద నీటిచుక్కలు పడితే పుట్టే ఎసిటిలీన్ వాయువు తెల్లగా, నూనె దీపం కంటే ఎంతో ప్రకాశంగా మండేది. 1930లలో స్టర్మీ ఆర్చర్ కంపెనీ చక్రం హబ్బులోనే డైనమో అమర్చింది.

వీటిలో ఏదీ ఎండలో పనికొచ్చేది కాదు. కన్ను ఒక వస్తువును గుర్తుపట్టేది దాని వెలుగును బట్టి మాత్రమే కాదు, ఆ వెలుగుకూ దాని వెనకున్న దృశ్యానికీ ఉన్న తేడాను బట్టి. మిట్టమధ్యాహ్నపు ఎండ నేల మీద సుమారు లక్ష లక్స్ ఉంటుంది. అంత వెలుతురులో డైనమో బల్బు వెలుగుతోందో లేదో పక్కన నిలబడి చూసినా సరిగా తెలియదు.

దారి చూసుకోవడానికి ముందు దీపం ఎవరికైనా కావాలి. వెనక దీపం మాత్రం ఇతరులకు కనిపించడానికే. బ్రిటన్‌లో పెద్ద తగవు దాని మీదే నడిచింది. చూపు ఆనేంత దూరంలో బండిని ఆపగలిగే వేగంతోనే నడపడం డ్రైవరు బాధ్యత అని సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ వాదించింది. ఎర్రదీపం తప్పనిసరి చేస్తే, గుద్దినవాడి తప్పు దెబ్బతిన్నవాడి మీదికి మళ్లుతుందని ఆ సంఘం భయం. రెండో ప్రపంచయుద్ధంలో వీధిదీపాలు ఆర్పేశాక వెనక దీపం తప్పనిసరైంది. సంఘం వాదన ఓడిపోయినా ఆ భయం అర్థం లేనిది కాదు. పగటి దీపాల గురించీ పసుపు జాకెట్ల గురించీ ఇప్పుడు జరిగే ప్రతి చర్చలోనూ అదే ప్రశ్న మళ్లీ లేస్తోంది.

పగటివేళ కనిపించడానికి మొదట దారి చూపింది దీపం కాదు, రంగు. 1930లలో కాలిఫోర్నియాలో బాబ్, జో స్విట్జర్ అనే అన్నదమ్ములు ఫ్లోరసెంట్ రంగులు తయారుచేశారు. మామూలు రంగు తన మీద పడిన వెలుగులో కొంత భాగాన్ని తిప్పి పంపుతుంది, అంతే. ఫ్లోరసెంట్ రంగు కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను కూడా పీల్చుకుని, కనిపించే వెలుగుగా మార్చి వదులుతుంది. అందుకే పగటి వెలుతురులో అది చుట్టూ ఉన్న రంగులను మించి మెరుస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో నేల మీది సైనికులు విమానాలకు తమను గుర్తుచేయడానికి ఈ రంగు గుడ్డలను పరిచేవారు. 1964లో గ్లాస్గో ప్రాంతంలో పట్టాల మీద పనిచేసే రైల్వే కార్మికులకు నారింజరంగు జాకెట్లు ఇచ్చి చూశారు. సైకిలు తొక్కేవారికి ఈ దుస్తులు చేరింది ఆ తర్వాతే.

పగటి వెలుతురులో మన కన్ను అన్నిటికంటే బాగా పట్టుకునేది 555 నానోమీటర్ల దగ్గరి పసుపుపచ్చని వెలుగును. నిమ్మపసుపు జాకెట్ల ఎంపికకు ఇదే ఆధారం. అయితే లేత ఆకుల పచ్చదనం ముందు అదే రంగు కలిసిపోతుంది. అక్కడ నారింజ మేలు. రాత్రి మాత్రం ఏ ఫ్లోరసెంట్ రంగూ అంతగా అక్కరకు రాదు. హెడ్‌లైటు వెలుగులో అతినీలలోహిత కిరణాలు చాలా తక్కువ కాబట్టి, అప్పుడు వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పికొట్టే రిఫ్లెక్టరు పట్టీలే గతి.

పగటి దీపం ఆలోచన ఉత్తర ఐరోపా కార్ల నుంచి వచ్చింది. స్వీడన్ 1977లోనూ డెన్మార్క్ 1990లోనూ కార్లకు పగలు కూడా దీపాలు తప్పనిసరి చేశాయి. సైకిలుకు అది సాధ్యమైంది ఎల్‌ఈడీలతో. కొద్దిపాటి కరెంటుతోనే అవి ఘాటైన వెలుగునిస్తాయి, పైగా మిణుకుమంటాయి. 2004-05లో డెన్మార్క్‌లోని ఓడెన్స్ నగరంలో 3,845 మంది సైకిలుదారులతో ఒక ప్రయోగం జరిగింది. కొందరి సైకిళ్లకు, చక్రానికి బిగించిన అయస్కాంతాలతో వెలుగుతూ ఎప్పుడూ ఆరని దీపాలు అమర్చారు. వారికి ప్రమాదాలు 19 శాతం తక్కువగా నమోదయ్యాయి. 2018లో వెలువడిన మరో డానిష్ అధ్యయనంలో 6,793 మంది పాల్గొన్నారు. పసుపు జాకెట్టు వేసుకున్నవారికి, ఇతరులతో ఢీకొని గాయపడే ప్రమాదాలు 47 శాతం తగ్గాయి. ప్రమాదాల సమాచారం ఇచ్చింది పాల్గొన్నవారే. తమకు జాకెట్టు దొరికిందో లేదో వారికి తెలుసు. అలా తెలిసి ఉండడం వారి జవాబుల మీద చూపే ప్రభావాన్ని లెక్కలోంచి తీసేశాక కూడా తగ్గుదల 38 శాతం నిలిచింది. మనుషుల ప్రాణాలకు సంబంధించినంతవరకు ఇది చిన్న లాభం కాదు.

కానీ కనిపించడం వేరు, చూసినవాడు జాగ్రత్తపడడం వేరు. ఇంగ్లండులో ఇయాన్ వాకర్ బృందం రకరకాల దుస్తులతో సైకిలు తొక్కించి, దాటిపోయే వాహనాలు ఎంత ఎడం వదులుతున్నాయో కొలిచింది. పోలీసు అని రాసిన జాకెట్టుకు తప్ప మిగతా దుస్తులకు పెద్దగా తేడా రాలేదు.

భారతదేశంలో 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోటారు ద్విచక్రవాహనాలకు హెడ్‌లైటు ఇంజనుతోపాటే వెలుగుతోంది. హైదరాబాదు రోడ్ల మీద మధ్యాహ్నం వెలుగుతూ కనిపించే దీపాలు అవే. సైకిలుకు ఆ నియమం లేదు. సైకిలు రిఫ్లెక్టర్ల నాణ్యత మీద కేంద్ర ప్రభుత్వం 2020లో ఉత్తర్వు ఇచ్చింది గానీ, అవి రాత్రి హెడ్‌లైటు పడితే మెరిసేవి.