కల్లుగీత (జగ్గయ్యపేట, నందిగామ మెట్టప్రాంతం)

తాటి, ఈత చెట్ల నుంచి కల్లు తీసే కులవృత్తి కల్లుగీత. పూర్వపు కృష్ణా జిల్లా మెట్టసీమలో గౌడ కుటుంబాలు దీన్ని తరతరాలుగా చేస్తున్నాయి. జగ్గయ్యపేట, నందిగామ 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి.

నడుముకు మోకు బిగించుకుని చెట్టెక్కిన గీతకారుడు పోతుతాటి గెల కొసను రోజూ పలుచగా చెక్కి, దానికి లొట్టి కడతాడు. చెక్కు మందమైతే గెల త్వరగా తరిగిపోతుంది, చెక్కడం మానేస్తే రసం ఆగిపోతుంది. ఈ కొలత తండ్రి పక్కన నిలబడి నేర్చుకోవలసిందే. ఈతచెట్టుకైతే మొవ్వు దిగువన మానునే గీస్తారు. లొట్టి లోపల సున్నం పూస్తే తియ్యని నీరా దిగుతుంది. పూయకపోతే గాలిలోనూ పాత లొట్టిలోనూ ఉన్న ఈస్ట్ చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. తేనెతో మద్యం చేసేవారు ముందుగా అందులో నీళ్లు కలపాలి, చిక్కటి తేనె పులియదు. కల్లుకు ఆ అవసరం లేదు, చెట్టు రసంలో నీరు, చక్కెర పులియడానికి తగిన పాళ్లలోనే ఉంటాయి. పొద్దున తియ్యగా దిగిన కల్లు సాయంత్రానికే పులుపెక్కుతుంది. నిల్వ ఉండదు కనుక ఊళ్లోనే అమ్ముడుపోవాలి.

ఇంతటి ఇంటి పనికి కూడా హక్కు మాత్రం ఇంటివారి చేతిలో లేదు. 1886 మద్రాసు అబ్కారీ చట్టం గీతనూ అమ్మకాన్నీ సర్కారు లైసెన్సు కిందికి తెచ్చింది. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. సారాతోపాటు కల్లూ నేరమైంది. సరిహద్దుకు అవతల నిజాం రాజ్యంలో మాత్రం గీత సాగుతూనే ఉంది. ఒకే చెట్టు, ఒకే పని, జగ్గయ్యపేట దాటితే చట్టసమ్మతం! బతుకుతెరువు పోయిన గీత కార్మికుల పక్షాన నాయకుడు గౌతు లచ్చన్న పోరాడారు. నిషేధం ఎత్తివేయాలన్న రామమూర్తి కమిటీ సిఫారసును అమలు చేయలేదని అవిశ్వాసం పెట్టగా, 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలోని ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. ఆంధ్రదేశ రాజకీయాల్లో గీత కార్మికుడి గోడు అంత బలంగా వినబడిన సందర్భం మరొకటి లేదు. అయినా నిషేధం వెంటనే తొలగలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా ఒకే రాష్ట్రంలో, ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో రెండు పద్ధతులు నడిచాయి.

1968 ఎక్సైజ్ చట్టం రెండు ప్రాంతాలకూ ఒకే నిబంధన తెచ్చింది. తర్వాతి కాలంలో చెట్లను గీత కార్మికుల సహకార సంఘాలకు, ‘ట్రీ ఫర్ ట్యాపర్’ పథకం కింద విడిగా ఒక్కొక్క గీతకారుడికి కేటాయించారు. చెట్టు ఎక్కేవాడి పేరుతోనే లైసెన్సు ఉండడం ఈ వృత్తి చరిత్రలో అన్నిటికన్నా న్యాయమైన మార్పు.