కృష్ణా మెట్టలో గింజ మార్పు: జొన్న నుండి జింకు వరి దాకా

1. ఉపోద్ఘాతం:
కృష్ణా జిల్లా అనగానే డెల్టా మాగాణులు స్ఫురిస్తాయి. మునేరు, పాలేరు ప్రవహించే నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల వ్యవసాయ చరిత్ర అందుకు భిన్నమైనది. 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం ప్రధానంగా వర్షాధార మెట్ట. జొన్న, కంది, పెసర వంటి పైర్లకు ఆలవాలం. ఇక్కడి ఆహారంలో వచ్చిన మార్పును పోషకాల దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కాలువ నీరు, చౌక బియ్యం:
1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుండి 1967లో కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ నీటితో ఈ మెట్టలోకీ వరి విస్తరించింది. 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేదల ఇళ్లలో అన్నాన్ని నిత్యాహారం చేసింది. ఆకలి తీరడంలో ఈ రెండింటి పాత్రను కాదనలేం. అయితే గింజతో పాటు పోషకమూ మారింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార విలువల పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో 3.95 మిల్లీగ్రాముల ఇనుము, 1.96 మిల్లీగ్రాముల జింకు ఉండగా, తెల్లబియ్యంలో అవి వరుసగా 0.65, 1.21 మాత్రమే. జొన్నలోని ఫైటేట్లు ఈ లోహాలను పూర్తిగా ఒంటబట్టనీయవు. కనుక ఈ తేడా మొత్తాన్నీ నష్టంగా లెక్కించరాదు. కానీ ఇనుము విషయంలో అంతరం ఉపేక్షించదగినది కాదు.

3. నేల నుండి గింజకు:
సున్నం అధికంగా ఉన్న నేలల్లోను, నీరు నిలిచిన వరి మడుల్లోను జింకు పైరుకు సరిగా అందదు. రైతులు చల్లే జింకు సల్ఫేటు ప్రధానంగా దిగుబడిని కాపాడటానికే ఉద్దేశించినది. గింజలోనే జింకును పెంచే బయోఫోర్టిఫికేషన్ దీని తరువాతి దశ. రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ రూపొందించిన డీఆర్ఆర్ ధాన్ 45 వంగడం 2016లో విడుదలైంది. దాని పాలిష్ బియ్యంలో కిలోకు 22.6 మిల్లీగ్రాముల జింకు ఉంటుంది. సాధారణ రకాలలో ఇది 12 నుండి 16 మిల్లీగ్రాములు. ఆంధ్రప్రదేశ్ కూడా ఈ వంగడం సాగుకు సిఫార్సు చేసిన రాష్ట్రాలలో ఒకటి.

4. ముగింపు:
జింకు కంటికి కనిపించదు. ధాన్యానికి ధర కట్టేది గింజ సన్నదనాన్ని, తేమను చూసి. మిల్లులో ఇతర రకాలతో కలిసిపోతే ఆ ప్రత్యేకతా పోతుంది. పైగా ఈ వంగడం జింకు లోటునే పూరిస్తుంది, ఇనుము లోటు అలాగే మిగులుతుంది. కనుక జింకు వరిని వేరుగా సేకరించి బడి భోజనానికి, చౌకదుకాణానికి చేర్చడం ఎంత అవసరమో, పళ్లెంలో జొన్నకు, పప్పుకు మళ్లీ చోటివ్వడం అంతే అవసరం. మెట్టకు నీరు తెచ్చిన విధానం కడుపు నింపింది. ఆ అన్నానికి పుష్టి చేకూర్చే బాధ్యత కూడా విధానానిదే.