శమీవృక్షం నేర్పిన శస్త్రనీతి: ప్రకటాయుధము, గూఢాయుధము

విజయదశమి సాయంకాలం మా వీపనగండ్ల ప్రాంతంలో ఊరంతా జమ్మిచెట్టు వద్దకు కదలిపోతుంది. పాలపిట్ట దర్శనం, శమీపూజ, ఆ పిమ్మట జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి పాదనమస్కారం చేయడం. అదే పండుగలో ఆయుధపూజ. కొడవలి, గొడ్డలి, నాగలి, నేడు ట్రాక్టరు కూడ, పసుపుకుంకుమలతో బహిరంగంగా పూజలందుకుంటాయి. చిన్ననాట నాకొక సందేహం కలిగినది. ఆయుధాలను అందరూ చూచునట్లు పూజించే రోజుననే, పాండవులు తమ ఆయుధాలను ఎవరికంటా పడకుండ దాచిన చెట్టును ఎందుకు పూజిస్తున్నాము? ప్రకటనకు, గోపనానికి ఒకే రోజు నమస్కారమేమి?

ఇటీవల ఒక వివాహమండపంలో ఆ సందేహం మరల మేల్కొన్నది. ఒక పెద్దమనిషి నడుమున పిస్తోలు ఉన్నది. చొక్కా దానిని కప్పుతున్నది. కాని ఆయన కూర్చున్నప్పుడెల్ల చొక్కా అంచును కొంచెం పైకి జరుపుతున్నాడు, నలుగురికీ అది కనబడవలెనని. ఆ పంక్తిలో కూర్చున్నవారి మాట తగ్గినది, నవ్వు తగ్గినది. మరునాడు ఒక బ్యాంకు వద్ద కాపలాదారు జంటగొట్టాల తుపాకీని బాహాటంగా భుజాన వేసుకొని నిలిచి ఉంటే, పింఛను కోసం వచ్చిన ముదుసలులు అతని పక్కనే మెట్లపై కూర్చొని కబుర్లు చెప్పుకొంటున్నారు. కప్పిన ఆయుధం భయపెట్టినది, కప్పని ఆయుధం భయపెట్టలేదు. ఈ వైచిత్రికి కారణమేమో మన వాఙ్మయంలోను, మన నేల చరిత్రలోను వెదకుదాము.

సీతమ్మ హెచ్చరిక

ఆయుధధారణపై మన సాహిత్యంలోని గంభీరమైన సంవాదాలలో ఒకటి శ్రీమద్రామాయణం అరణ్యకాండలో, సీతారాముల నడుమ జరిగినది. దండకారణ్యంలో ప్రవేశించిన పిదప సీతాదేవి శ్రీరామునికి ఒక కథ చెబుతుంది. ఒక తపస్వి ఉండేవాడు. ఇంద్రుడు భటవేషంలో వచ్చి ఒక ఖడ్గాన్ని ఆయన వద్ద న్యాసంగా ఉంచి వెళ్ళినాడు. ఇల్లడ పెట్టిన సొమ్ము కదా, పోగొట్టరాదని ఆ ముని దానిని నిత్యం వెంట ఉంచుకొన్నాడు. కందమూలాలకు వెళ్ళినా ఖడ్గం చేతనే ఉన్నది. క్రమంగా బుద్ధి రౌద్రమైనది, తపస్సు సడలినది, చివరకు నరకప్రాప్తి కలిగినది. నిప్పు తాకినదానిని మార్చినట్లే శస్త్రసంయోగం మనస్సును మారుస్తుందని ఆ తల్లి అభిప్రాయం.

ఇక్కడ గమనించదగినది ఒకటి ఉన్నది. ఆ ముని ఎవరినీ చంపదలచి ఖడ్గం పట్టలేదు. రక్షించవలసిన బాధ్యతతోనే పట్టినాడు. ఖడ్గం దాచలేదు కూడ. అయినా అతడు చెడినాడు. కనుక సీతమ్మ ప్రశ్న, ఆయుధం లోకానికి కనబడుచున్నదా లేదా అన్నది కాదు. ధరించినవాని లోపల అది ఏమి చేయుచున్నది అన్నది.

శ్రీరాముడు ఆ మాటను త్రోసిపుచ్చలేదు. ఆర్తనాదం వినబడకుండుటకే క్షత్రియుడు ధనుస్సు ధరిస్తాడని సమాధానమిచ్చినాడు. దండకవాసులైన మునులకు తానిచ్చిన అభయాన్ని గుర్తుచేసినాడు. అనగా ధనుస్సుకు ముందు ఒక ప్రతిజ్ఞ ఉన్నది. ఆ ప్రతిజ్ఞ ఎవరికి ఇచ్చినదో వారికి తెలుసు. మన దేవతామూర్తులలో ఒక చేత శస్త్రము, మరొక చేత అభయముద్ర ఉండుటలోని రహస్యమిదే. అభయహస్తం లేని శస్త్రహస్తం బెదిరింపు మాత్రమే.

కూటాయుధ నిషేధము

ఇక గూఢాయుధం సంగతి. మనుస్మృతి సప్తమాధ్యాయంలో యుద్ధధర్మాలు చెబుతూ, కూటాయుధాలతో శత్రువును కొట్టరాదని నిషేధించినారు. పైకి కొయ్యవలె కనబడి లోపల వాడి శస్త్రం దాగి ఉన్నది కూటాయుధమని వ్యాఖ్యాతల వివరణ. నేటి మాటలో చేతికర్రలో దాచిన కత్తి. విషదిగ్ధమైన, నిప్పుతో మండే బాణాలను నిషేధించిన పంక్తిలోనే దీనినీ నిషేధించుట గమనార్హం. ఎదుటివానికి ఎచ్చరిక లేకుండుటయే అందులోని దోషం.

కౌటిల్యుడు ఆదర్శవాది కాడు, రాజ్యం నడపవలసినవాడు. ఆయన అర్థశాస్త్రంలో అంతఃపుర రక్షణ ప్రకరణమున ఒక పాఠం ఉన్నది. విదూరథుడనే రాజును ఆయన దేవియే జడలో దాచిన శస్త్రంతో హతమార్చినదట. పూలజడలోని కత్తిని ఏ ద్వారపాలకుడు పరీక్షిస్తాడు? అందుచేతనే కౌటిల్యుడు ఇంకొక నియమం చేసినాడు. ఆయుధాలు రాజముద్రాంకితమై ఆయుధాగారం చేరవలెను, ముద్రతో అనుజ్ఞ పొందినవారు తప్ప అన్యులు శస్త్రంతో సంచరించరాదు. నేటి లైసెన్సు పద్ధతికి ఇది పూర్వరూపమన్నా తప్పులేదు.

కిష్కింధలో వాలి వేసిన ప్రశ్నను కూడ ఇక్కడ విస్మరించరాదు. తాను మరొకనితో పోరుచుండగా, కంటికి కనబడకుండ నిలిచి కొట్టుట ధర్మమా అని అతడు సాక్షాత్తు శ్రీరామునే అడిగినాడు. రాముడు సమాధానం చెప్పినాడు. ఆ సమాధానంపై పండితులు నేటికీ చర్చిస్తూనే ఉన్నారు. అంత గొప్ప అవతారపురుషుని విషయంలోనైనా మరుగున నిలిచిన బాణం సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చినదని ఆదికవి మనకు చూపినాడు.

మన నేల చెప్పిన చరిత్ర

గూఢాయుధం దోషమైతే ప్రకటాయుధం ధర్మమేనా? ఆ మాటకు మన ప్రాంతపు చరిత్రయే సమాధానం. వీపనగండ్లకు ఉత్తరాన వనపర్తి, తూర్పున కొల్లాపురం రాజధానిగా జటప్రోలు, పడమట గద్వాల, ఈ మూడు సంస్థానాల నడుమ మా పల్లెలున్నవి. దక్షిణాన కృష్ణమ్మ, ఆ ఆవల అలంపురం జోగులాంబ. గద్వాల కోట సోమనాద్రి కట్టించినది. ఆ కోటలో చెన్నకేశవస్వామి ఆలయము, భారీ ఫిరంగి రెండూ ఉన్నవి. కోటబురుజుపై ఫిరంగి ఒక ప్రకటన. ఇది ఎవరి రక్షణలోని నేలయో దూరం నుండియే చెబుతుంది. వనపర్తి ప్రభువులకు ఆఫ్రికా సంతతి అంగరక్షక దళముండేదని, దానిని నిజాముకు సమర్పించగా హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు నిలిచినదని చెప్పుకొంటారు.

అయితే అదే పందొమ్మిదవ శతాబ్దిలో హైదరాబాదు నగరవీధుల మాట వేరు. అరబ్బులు, రోహిలాలు మొదలైన కిరాయి సైనికులు కత్తులు, తుపాకులు బాహాటంగా ధరించి తిరిగేవారు. వారిలో పలువురు వడ్డీవ్యాపారం చేసేవారు. ఋణగ్రస్తుని గుమ్మంలో సాయుధుడు కూర్చుంటే ఇక న్యాయస్థానమెందుకు? 1853 నుండి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్ జంగ్ సంస్కరణలలో ఈ సాయుధులను అదుపులో పెట్టుట ఒక ముఖ్యభాగం. ఆయుధం వెలుగులోనే ఉన్నది, కాని దానిని అడిగే అధికారం లేదు. అందువలన ప్రకటాయుధమే ప్రజాపీడనమైనది.

ఇక మా తరం చూచినది నల్లమల. 2004 అక్టోబరు 15 నుండి 18 వరకు హైదరాబాదులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, నక్సలైటు పార్టీలకు నడుమ శాంతిచర్చలు జరిగినవి. ఎస్.ఆర్. శంకరన్, కె.జి. కన్నబిరాన్ వంటి పెద్దలు మధ్యవర్తిత్వం వహించినారు. భూమి వంటి విషయాలు చర్చకు వచ్చినవి. కాని ప్రధానంగా చిక్కుపడిన ముడి ఒకటి, ఆయుధాలు ధరించి గ్రామాలలో తిరగవచ్చునా అన్నది. తిరగరాదని ప్రభుత్వము, ఆయుధాన్ని విడువలేమని వారు. 2005 జనవరికి చర్చల ప్రక్రియ విరిగిపోయినది. అదే సంవత్సరం ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డి, ఆయన కుమారుడు, మరికొందరు కాల్పులకు బలియైనారు. ఎదురుకాల్పుల పేర అడవిలో కూలిన యువకుల తల్లుల కన్నీరు కూడ ఈ పాలమూరు నేలలోనే ఇంకినది. ఆ దినాలలో పల్లెకు రాత్రిపూట వచ్చిన తుపాకి ఎవరిదైనను, తలుపు తీసినవానికి దానిని ప్రశ్నించే వీలు లేదు. నాకు ఆ భయం జ్ఞాపకమున్నది.

శాసనము చెప్పునది

బ్రిటిషు ఇండియాలో 1878 నాటి ఆయుధశాసనం భారతీయులను నిరాయుధులను చేసినదని జాతీయనాయకులకు తీవ్రవేదన ఉండేది. కనుకనే 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో, నియమాలకు లోబడి పౌరుడు ఆయుధం కలిగి ఉండే హక్కును చేర్చినారు. కాని స్వతంత్ర భారత రాజ్యాంగంలో ఆ హక్కు చేరలేదు. 19వ అధికరణం శాంతియుతంగా, నిరాయుధంగా సమావేశమయ్యే హక్కును మాత్రమే ఇచ్చినది. 25వ అధికరణం వివరణలో సిక్కుల కృపాణధారణను మతాచరణలో భాగంగా గౌరవించినది. కృపాణం అహంకారచిహ్నం కాదు, గురువుకు ఇచ్చిన మాట. అందుకే అది శ్రీరాముని ధనుస్సు వరుసలోనిది.

1959 ఆయుధశాసనం క్రింద వచ్చిన 2016 నియమాల ప్రకారం, లైసెన్సు ఉన్నవాడు కూడ బహిరంగస్థలంలో తుపాకీని తగిన ఒరలో, పూర్తిగా కప్పి, తన అదుపులో ఉంచుకొని తీసుకొనిపోవలెను. ఝళిపించుట నిషిద్ధం. 2019 సవరణతో పెళ్ళిళ్ళలో సంబరానికి గాలిలో కాల్చుట కూడ దండనార్హమైన నేరమైనది. ఎన్నికలవేళ లైసెన్సు ఆయుధాలను పోలీసు ఠాణాలో అప్పగించుట మనకు తెలిసినదే.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారు దీనికి విలోమమైన చరిత్రను చూస్తున్నారు. అక్కడ కెంటకీ, లూసియానా రాష్ట్రాలు 1813లోనే దాచిన ఆయుధాన్ని నిషేధించినవి. కనబడే ఆయుధం పౌరుషమని, దాచినది హంతకుని లక్షణమని నాటి భావన. ఇది మన కూటాయుధ నిషేధానికి ఎంత సమీపమో చూడండి. కాలక్రమంలో అక్కడి దృష్టి మారినది. దాచి ధరించుటకే అనుమతులు పెరిగినవి. టెక్సాసులో లైసెన్సుదారులకు చేతితుపాకీని బాహాటంగా ధరించే అనుమతి 2016 జనవరిలోనే వచ్చినది, 2021 సెప్టెంబరు నుండి అర్హులైన పెద్దలకు లైసెన్సే అక్కరలేదు. బాహాటమా, గోప్యమా అని వారు రెండువందల యేండ్లు వాదించినా, ఆ వాదం తీరలేదు.

నా మనవి

తీరకపోవుటకు కారణం ప్రశ్న సగమే అడుగుటయని నాకు తోచుచున్నది. గోపనం రెండు విధములు. ఒకటి, ఎదుటివానిని వంచించుటకు దాచుట. విదూరథుని దేవి జడలోనిది అట్టిది. అది కూటము. రెండవది, తన చేతి నుండియే దాచుకొనుట. అది సంయమము. ప్రకటన కూడ రెండు విధములు. రక్షణప్రతిజ్ఞను తెలుపుట ఒకటి, భయాన్ని పండించుకొనుట రెండవది. పెళ్ళిలో చొక్కా జరిపిన పెద్దమనిషి నియమాన్ని పాటిస్తున్నట్లు కప్పినాడు, భయం కోసం చూపినాడు. రెండు దోషాలూ ఆయన ఒక్కడే మూటగట్టుకొన్నాడు. బ్యాంకు కాపలాదారు తుపాకి ఎవరి ఆజ్ఞలో ఉన్నదో ఆ ముదుసలులకు తెలుసు. కనుక వారికి భయం లేదు.

ఇప్పుడు శమీవృక్షం వద్దకు మరల వద్దాము. విరాటనగరం వెలుపల, శ్మశానసమీపాన, నకులుడు చెట్టెక్కి ఆయుధాలను కట్టినాడు. వాటితో ఒక శవాన్ని కూడ కట్టి, అది తమ వృద్ధమాత దేహమని పశులకాపరులతో చెప్పినారు. ఆ గోపనం ఎవరినీ కొట్టుటకు కాదు. పదునొకండు నెలలకు పైగా, ద్రౌపదికి సభలో అవమానం జరిగిననాడు కూడ, ఆ మూట విప్పబడలేదు. కీచకుని భీముడు వట్టిచేతులతోనే సంహరించినాడు. గోగ్రహణవేళ, నిస్సహాయుల పశుసంపద అపహరింపబడినప్పుడు, అర్జునుడు ఉత్తరకుమారుని చెట్టెక్కించి గాండీవాన్ని దింపించినాడు. ఆర్తనాదం వినబడినది, ధనుస్సు దిగినది.

అదే అర్జునుడు కర్ణపర్వంలో, గాండీవాన్ని మరొకనికిమ్మన్న మాటకు, అన్నగారైన ధర్మరాజుపైనే కత్తి దూసినాడు. శ్రీకృష్ణుడు పక్కన లేకున్నచో ఏమి జరిగెడిదో! చెట్టుమీది గాండీవం ఏడాది పొడవునా ఎవరికీ కీడు చేయలేదు. చేతికందిన కత్తి ఒక్క క్షణంలో సోదరహత్య అంచుకు తెచ్చినది. సీతమ్మ హెచ్చరిక అర్జునునంతటివానికీ వర్తించినది.

కనుక నా అభిప్రాయమిది. ఆయుధం కప్పబడవచ్చును, దాని బాధ్యత కప్పబడరాదు. ఎవరి అనుజ్ఞతో, ఎవరి రక్షణకై, ఎవరికి జవాబుదారియై అది ఉన్నదో లోకానికి తెలియవలెను. కోపం వచ్చినంతనే చేయి చేరని దూరంలో అది ఉండవలెను. మొదటిది లేనినాడు హైదరాబాదు వీధులలో ప్రకటాయుధమూ పీడించినది, నల్లమల రాత్రులలో గూఢాయుధమూ పీడించినది.

దసరానాడు ఆయుధాన్ని, శమిని కలిపి పూజించుటలోని అర్థం నాకిప్పుడు తెలిసినది. శస్త్రమొకటి చాలదు, దానిని దింపిపెట్టుటకు ఒక చెట్టు కూడ కావలెను. మన పెద్దలు కొడవలికి పసుపు రాసి, వెంటనే చేతిలో ఆకు పెట్టినారు. ఆ ఆకునే బంగారమన్నారు.

సర్వే జనాః సుఖినో భవంతు.