కోడ్ మారలేదు, మరి బిల్డ్ ఎందుకు ఆగింది?

2020లో, ఏళ్ల తరబడి సాఫీగా బిల్డ్ అవుతున్న పాత సీ ప్రోగ్రాములు చాలా ఒక్కసారిగా ఆగిపోయాయి. కోడ్‌లో ఎవరూ ఒక్క అక్షరం ముట్టుకోలేదు. ఆ మే 7న జీసీసీ కంపైలర్ 10.1 వెర్షన్ వచ్చింది, అంతే. దాంట్లో ఒక డిఫాల్ట్ ఆప్షన్ మారింది: ఎఫ్-కామన్ పోయి ఎఫ్-నో-కామన్ వచ్చింది.

ఈ కామన్ అన్న మాట వెనక పెద్ద కథే ఉంది. 1958లో ఐబీఎం ఫోర్‌ట్రాన్-2 తెచ్చినప్పుడు, వేరువేరు సబ్‌రొటీన్లు ఒకే మెమరీని పంచుకోవడానికి కామన్ అనే ఏర్పాటు పెట్టింది. తర్వాత యూనిక్స్‌లో సీ కంపైలర్లు కూడా అదే దారి పట్టాయి. హెడర్ ఫైల్‌లో "ఇంట్ కౌంట్;" అని రాసి, దాన్ని రెండు ఫైళ్లలో ఇంక్లూడ్ చేశారనుకోండి. నిజానికి అవి రెండు కౌంట్‌లు. ఒకే డోర్ నంబర్‌తో రెండు ఇళ్లు అన్నమాట. లింకర్ మాత్రం "పోన్లే" అనుకుని రెండిటినీ ఒకటి చేసేసేది. 1989 సీ స్టాండర్డ్ ప్రకారం ఒక్క డెఫినిషనే ఉండాలి. అయినా జీసీసీ పాత కోడ్ కోసం సర్దుకుపోయింది.

సర్దుకుపోతే నష్టమేంటి? ఒక ఫైల్‌లో కౌంట్ ఇంట్, ఇంకో ఫైల్‌లో అదే పేరుతో డబుల్ ఉంటే, రెండూ ఒకే చోట కూర్చుంటాయి. ఒకరు రాసింది ఇంకొకరు చెరిపేస్తారు. ప్రోగ్రాం నడుస్తూనే ఉంటుంది, లెక్క మాత్రం తప్పొస్తుంది. ఆగిపోయిన బిల్డ్ కంటే ఇది ప్రమాదం.

నా మొదటి ఉద్యోగంలో ఇలాంటి ప్రాజెక్టే ఒకటి వచ్చింది. పాత సర్వర్‌లో బిల్డ్ అవుతోంది, కొత్త ల్యాప్‌టాప్‌లో అవ్వట్లేదు. ఎర్రర్ చూస్తే "మల్టిపుల్ డెఫినిషన్" అని ఉంది. అది లింకర్ మాట. అంటే ఫైళ్లన్నీ విడివిడిగా కంపైల్ అయ్యాయి, గొడవంతా కలిపే దగ్గరే. వెర్షన్లు పక్కపక్కన పెట్టి చూశాను: ఒకచోట 9, ఇంకోచోట 10. ఎఫ్-కామన్ ఆప్షన్ ఇచ్చి చూస్తే బిల్డ్ పాసైంది. దొంగ దొరికాడు!

కానీ ఆ ఆప్షన్ అలాగే వదిలేస్తే రోగం లోపలే ఉంటుంది. హెడర్‌లో ఆ పేరు ముందు ఎక్స్‌టర్న్ పెట్టి, అసలు డెఫినిషన్ ఒకే ఒక్క ఫైల్‌లో రాశాం. ఆప్షన్ తీసేశాం. రెండు మెషీన్లలోనూ బిల్డ్ అయింది.

కాబట్టి ఫ్రెండ్స్, బిల్డ్ ఆగితే కోడ్ ఒక్కటే వెతక్కండి. కంపైలర్ వెర్షన్, దాని డిఫాల్ట్ ఆప్షన్లు కూడా చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!